ముందు నీ సంగతి

సరోజినీదేవి "మా ఆయన" అని నోరు తెరవడమూ, కరెంటు పోయి ఫ్యాను ఆగిపోవడమూ ఒక్కసారే జరిగాయి. రెక్కలు అలవాటుకొద్దీ ఇంకా కాసిని చుట్లు తిరిగి, ఇక మన వల్ల కాదన్నట్టు నిలబడిపోయాయి. చాపల మీద వరసగా పడుకున్న నలుగురిలో ముగ్గురికి నవ్వొచ్చింది. సామ్రాజ్యం లేవకుండానే చెయ్యి చాపి, తలగడ పక్కనున్న తాటాకు విసనకర్ర తీసి సరోజిని మీద పడేసింది. "విసురు," అంది. చెప్పబోయేది పూర్తిగా వినకుండానే శిక్ష వేస్తారా అని సరోజిని సణిగింది గాని, లేచి గోడకి చేరబడి, ముగ్గురికీ గాలి తగిలేలా విసరడం మొదలుపెట్టింది. మే నెల మధ్యాహ్నం. తిరువూరు రోడ్డు మీద కుక్క కూడా లేదు. కిటికీలకి కట్టిన వట్టివేళ్ళ తడికల మీద చల్లిన నీళ్ళు చల్లినవి చల్లినట్టే ఆరిపోతున్నాయి. కడుపునిండా ముద్దపప్పూ కొత్తావకాయా, ఆపైన తలా రెండు రసాలూ తిని పడుకున్న ఆడవాళ్ళకి, ఆ వేళ్ళ వాసనతో కలిసి వచ్చే కాస్త గాలీ ప్రాణం లేచొచ్చినట్టుంది.

ఇదంతా సామ్రాజ్యం పెట్టిన చట్టం. వంటింటి గుమ్మానికి దగ్గరగా చివరి చాప మీద వెల్లకిలా పడుకుని, దూలాలకేసి చూస్తూ ప్రమీలారాణి ఆ చట్టం పుట్టిన రోజు గుర్తు చేసుకుంది. వాల్తేరులో ఆనర్సు చదివిన మూడేళ్ళూ నలుగురిదీ ఒకటే గది, కిటికీలోంచి ఒక చీర అంచంత సముద్రం కనిపించే గది. యాభై రెండులో పెట్టెలు సర్దుకుని స్టేషన్లో ఏడ్చుకుని విడిపోయాక పెళ్ళిళ్ళూ పురుళ్ళూ బదిలీలూ, పదిహేనేళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే ఒట్టు. చివరికి గుంటూరులో సామ్రాజ్యం ఇంట్లో కలిశారు. సరోజిని భర్త రైల్వేలో ఏయే ఊళ్ళు తిరిగాడో, ప్రమీల కొడుక్కి లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో, మహాలక్ష్మి మామగారికి చక్కెర జబ్బు ఏ పత్యంతో తగ్గిందో, ఆ రోజంతా అదే మాట. సాయంత్రం బస్సెక్కబోతుంటే, పెళ్ళి మాటే తలపెట్టని సామ్రాజ్యం నడుం మీద చెయ్యి వేసుకుని, ఇవాళ ముగ్గురు మగాళ్ళనీ వాళ్ళ సంతానాన్నీ చూసినట్టే అయిందే, మిమ్మల్ని చూద్దామని పొద్దున్నించీ కూర్చున్నాను, మీరే ఇంకా రాలేదు, అంది. ఆ పై ఏటి నుంచి హాజరు వచ్చింది. హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక వార్డెను అందర్నీ వరండాలో నిలబెట్టి పేరుపేరునా హాజరు వేసేది. అలాగే ఏటా వేసవిలో ఒకరింట్లో కలవాలి, తిన్నాక ఒక్కొక్కరూ తమ హాజరు చెప్పుకోవాలి. ముందు నీ సంగతి, తరవాతే నీవాళ్ళ సంగతి. మొగుడితోనో పిల్లలతోనో మొదలుపెట్టిన మనిషి మిగతావాళ్ళకి విసరాలి. ఇంకొకటి, చేసిందీ చేస్తున్నదీ చెప్పాలి గాని, చేద్దామనుకుంటున్నది లెక్కలోకి రాదు. ఈ రెండోది సరోజిని పుణ్యమే. వీణ నేర్చుకుందామనుకుంటున్నానని మూడేళ్ళు వరసగా చెప్పింది. ఆ వీణ ఇంకా తంజావూరు నుంచి బయల్దేరలేదు.

ఈ ఏడు తిరువూరు వంతు. పొద్దున్న విజయవాడ బస్సులోంచి ముగ్గురూ దుమ్ము కొట్టుకుని దిగారు. ప్రమీలారాణి భర్త సీతారామారావు, మీ నలుగురి మధ్యా నాకేం పని అని ముందే బేరం పని పెట్టుకుని విజయవాడ వెళ్ళిపోయాడు. బాపట్లలో చదువుకునే కొడుకు సెలవులకి స్నేహితుల వెంట పడ్డాడు. ఇక ఇంట్లో ఉన్నది అత్తగారు హనుమాయమ్మ. ఆవిడ వంటింటి గుమ్మంలో, అంటే ప్రమీలారాణి తలకి సరిగ్గా నాలుగు మూరల దూరంలో, పీట వేసుకుని ఎండుమిరపకాయలకి ముచ్చికలు తీస్తోంది. టిక్కు, టిక్కు, టిక్కు. తీసిన కాయ చేటలోకి, ముచ్చిక నేల మీదికి. తల ఎత్తదు, ఇటు చూడదు, ఈ గదిలో ఎవరూ లేనట్టే ఉంటుంది గాని, మూడో ఇంట్లో పోపు మాడితే కూర ఏదో చెప్పే మనిషి. ఏం చెవులవి, అనుకుంది ప్రమీలారాణి. ఇవాళ తను చెప్పదలుచుకున్నది ఆ చెవుల్లో పడితే ఏమవుతుందో ఊహించుకోబోయింది. ఊహ సగం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. అదేదో మిరపకాయ ఘాటే అయినట్టు ముక్కు నలుపుకుంది.

ఎల్లుండి జోజప్ప వస్తాడు. వినగడపలో తమ మామిడితోటకి కావలి ఉండే జోజప్ప, పళ్ళ బండితో వస్తాడు, బండి దింపి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడతాడు. ఏం అడగడు. కిందటి నెల అడిగేశాడు కదా. వాళ్ళ రిబ్కా పదో తరగతి పాసయింది, ఊరి చివర వాళ్ళ పేటలో అంత చదివిన మొదటి ఆడపిల్ల, ఇంటరు చదవాలంటే తిరువూరు రావాలి. వినగడప నుంచి పొద్దున బస్సుంది, సాయంత్రం బస్సు మాత్రం వస్తే వచ్చినట్టు. మేడమీద ఎక్కడో ఓ మూల పడుకుంటదమ్మా, మీ పిల్లలాగే అనుకోండి, అన్నాడు. వెనక రిబ్కా రెండు జడలూ ముందుకేసుకుని నిలబడింది, అడగొద్దు నాన్నా అన్నట్టు మొహం పెట్టి. చూస్తాలే అంది తను. ఆ మాట అంటున్నప్పుడే హనుమాయమ్మ ఆ ఇద్దరికీ మజ్జిగ తెచ్చింది. పశువుల పాక గోడ మీద బోర్లించి ఉండే గ్లాసులోకి ఎత్తునుంచి పోసింది. ప్రేమగానే పోసింది, ఇంకా తాగవే పిల్లా ఎండన పడి వచ్చావు అని రెండోసారి కూడా పోసింది, అల్లం కూడా దంచి వేసింది అందులో. ఎత్తునుంచే పోసింది. ప్రమీలారాణి ఆ గ్లాసుని కాపరానికొచ్చిన నాటి నుంచీ ఆ గోడ మీద చూస్తూనే ఉంది. ఎవరు బోర్లించారో, ఎప్పుడు బోర్లించారో, గోడతో పాటే కట్టినట్టు అలా ఉండిపోయింది.

"సైకిలొచ్చింది నాకు," అంది సరోజిని విసురుతూ. ఎవరికీ అర్థం కాలేదు. ఎవరు కొన్నారే అని మహాలక్ష్మి అడిగింది. కొనడం కాదు, తొక్కడం వచ్చింది అంది సరోజిని, ఇంత గర్వంగా. కాజీపేట రైల్వే కాలనీలో కూరగాయల బజారు దూరమట. ప్యూన్ని పంపితే ముదిరిన బెండకాయలు తెస్తున్నాడట. ఒకరోజు విసుగొచ్చి పక్కింటి పిల్ల సైకిలు తీసి, చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపి, కాలనీ వెనక ఖాళీ స్థలంలో ఎక్కింది. రెండుసార్లు పడింది, ఒకసారి ముళ్ళకంపలో, ఒకసారి గార్డుగారి మీద. ఇప్పుడు రోజూ పొద్దున్నే సంచీ తగిలించుకుని తనే వెళ్తోంది. వాళ్ళాయన ఏమన్నాడని అడగబోయి మహాలక్ష్మి నోరు మూసుకుంది, లేకపోతే విసనకర్ర చేతులు మారేది. ఆ నోరు మూసుకోవడం చూసి సామ్రాజ్యం పొట్ట పట్టుకుని నవ్వింది. వంటింటి గుమ్మంలో టిక్కు చప్పుడు ఆగింది. నలభై దాటాక సైకిలా అని ప్రమీలారాణి కూడా తల ఎత్తి చూసింది. సరోజిని, వాల్తేరులో సముద్రం ఒడ్డున మిగతావాళ్ళు పాదాలు తడుపుకుంటుంటే చెప్పులు కాపలా కాస్తూ ఇసకలో కూర్చునే సరోజిని, నీళ్ళంటే భయం, రోడ్డు దాటడమంటే భయం, బల్లి అంటే భయం. ఆ సరోజినే. మనుషులు ఇంకా మారుతూనే ఉంటారన్నమాట, గిన్నె అడుగున మిగిలిందేదో ఎప్పుడో ఒకప్పుడు పైకి తేలుతుందన్నమాట. టిక్కు, టిక్కు. అత్తగారు మళ్ళీ మొదలుపెట్టింది.

తనకి ఎవరిచ్చారు గది. ఈ ప్రశ్న ఈ నెలరోజులుగా ప్రమీలారాణికి బియ్యం ఏరుతున్నా పువ్వులు కడుతున్నా వస్తోంది. బెజవాడలో ఇంటరు చదువుకోవడానికి తనని నాన్న గోవిందమ్మగారింట్లో దించారు. చుట్టమూ కాదు పక్కమూ కాదు, నాన్న మిరపకాయలు అమ్మే కొట్టు యజమానికి అక్కగారు. ఉండనీయండి పిల్లని, మేడమీద గది ఊరికే ఉంది, అందావిడ. అంత చిన్న మాట. ఆ మాట మీద తను రెండేళ్ళు నిలబడింది, ఆ రెండేళ్ళ మీద వాల్తేరు నిలబడింది, వాల్తేరు మీద ఇదిగో ఇప్పుడు పక్కన పడుకుని గురకకి సిద్ధమవుతున్న ఈ స్నేహితురాళ్ళు. గోవిందమ్మగారు దేవత ఏం కాదు. తూములో జుట్టు అడ్డుపడిందనీ, దీపం ఆర్పలేదనీ, మెట్లు గట్టిగా దిగావనీ రోజుకో తగువు పెట్టేది. పరీక్షల రోజు మాత్రం తెల్లారకముందే లేచి గడ్డపెరుగుతో అన్నం కలిపి, తినకపోతే వెళ్ళనివ్వనని గుమ్మంలో అడ్డంగా కూర్చునేది. అప్పుడు విసుగొచ్చేది. పిల్లలకి అప్పుడంతా విసుగే. ఇప్పుడు తను అలా గుమ్మంలో కూర్చోగలదా. మెట్లు గట్టిగా దిగారని తిట్టగలదా. తిట్టగలననిపించి, పడుకునే నవ్వుకుంది. ఏంటే నవ్వుతున్నావని మహాలక్ష్మి గిల్లింది. ఏం లేదు, నీ హాజరు చెప్పు, అంది.

మహాలక్ష్మి పడుకునే తన చేతులు పైకెత్తి చూపించింది. గోళ్ళ చివర నల్లగా ఉంది, ఎంత రుద్దినా పోని నలుపు. ఏలూరులో వాళ్ళాయన నడిపిన ప్రెస్సు ఆయన పోయాక అమ్మేయమని అందరూ చెప్పారు, ఆ సంగతి నలుగురికీ తెలుసు. కొన్నాళ్ళు బల్ల దగ్గర కూర్చుని పద్దులు చూసింది, అదీ తెలుసు. ఈ ఏడు అచ్చక్షరాలు పేర్చే కంపోజింగు నేర్చుకుందట. పనివాడు పెళ్ళిళ్ళ కాలంలో సెలవు పెట్టి వెళ్ళిపోతే, శుభలేఖలు ఆగిపోతాయని తనే అరల ముందు నిలబడింది. "అక్షరాలన్నీ కుడి నుంచి ఎడమకి తిరగేసి ఉంటాయే," అంది. "మొదట్లో కళ్ళు తిరిగేవి. ఇప్పుడు మామూలు పుస్తకం చదువుతుంటేనే ఏదో తప్పున్నట్టుంటుంది." ఒక శుభలేఖలో పెళ్ళికూతురి పేరూ అత్తగారి పేరూ తారుమారు చేసిందట. అచ్చయిపోయాక చూసుకుంటే పెళ్ళికొడుక్కి సొంత తల్లితోనే పెళ్ళి. రాత్రికి రాత్రి మళ్ళీ వేసి ఇచ్చింది. నవ్వీ నవ్వీ సరోజిని విసరడం మానేసింది. గాలేదే అని సామ్రాజ్యం కాలితో తన్నింది. ప్రమీలారాణి నవ్వుతూనే మహాలక్ష్మి గోళ్ళకేసి చూసింది. హాస్టల్లో ఈ గోళ్ళకే గోరింటాకు రుబ్బి పెట్టింది తను, ఎర్రగా పండాయని మహాలక్ష్మి వారం రోజులు చేతులు ఊపుకుంటూ తిరిగింది. ఎరుపు పోయింది, నలుపు వచ్చింది. చెయ్యి ఎత్తి చూపించడంలో ఆ ఊపు మాత్రం పోలేదు.

మేడమీద రెండు గదులు. అంతకు ముందు పత్తి బస్తాలుండేవి, సీతారామారావు పత్తి మిల్లు దగ్గర గోడౌను కట్టాక ఖాళీ అయ్యాయి. మూలల్లో ఇంకా దూది ఉండ కట్టి కనిపిస్తుంది, తలుపు తెరిస్తే పిల్లిపిల్లలా దొర్లుతుంది. కిటికీ తెరిస్తే రోడ్డు, రోడ్డు చివర బస్సుల స్టాండు. వారం కిందట అత్తగారు నిద్రపోయే వేళ ప్రమీలారాణి చీపురు పట్టుకుని పైకి వెళ్ళి ఆ రెండు గదులూ ఊడ్చి వచ్చింది, దొంగలా. ఊడుస్తూ మంచాలు ఎక్కడ పడతాయో అడుగులతో కొలిచింది. ఇక్కడ రిబ్కా. ఇక్కడ వినగడప బసవపున్నయ్యగారి మనవరాలు, వాళ్ళ నాన్న మీ ఇంట్లో అయితేనే పంపిస్తాను లేకపోతే చదువు చాలు అన్నాడు. అటు కిటికీ పక్క గంపలగూడెం అక్కచెల్లెళ్ళిద్దరు. అంతవరకూ బాగానే ఉంది. సీతారామారావుని అడిగితే పేపరు దించకుండా, అమ్మని అడుగు, అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే, గోడకి సున్నం వేయించాలన్నా అమ్మని అడుగే, ఇల్లు అమ్మది గదా, ఆవిడ పుట్టింటివాళ్ళిచ్చిన స్థలం. అమ్మని అడగడం. నాలుగుసార్లు మొదలుపెట్టింది. ఒకసారి కాఫీ ఇస్తూ, ఒకసారి తల దువ్వుతూ, ఒకసారి ఆవిడ ముక్కోటి కబుర్లు చెప్పి సంతోషంగా ఉన్నప్పుడు, ఒకసారి ఇంకేదో కోపంలో ఉన్నప్పుడు, రెండు కోపాలూ ఒకేసారి అయిపోతాయని. నాలుగుసార్లూ మాట నోటిదాకా వచ్చి, కందిపప్పు నిండుకుందత్తయ్యా అని బయటికొచ్చింది. ఇంట్లో ఇప్పుడు ఆరునెలలకి సరిపడా కందిపప్పుంది.

ఇంటి నిండా ఆడపిల్లలుంటే ఆవిడకి ఇష్టమే, అది తెలుసు. బసవపున్నయ్యగారి మనవరాలికి వద్దనదు, అక్కచెల్లెళ్ళకీ అనదు. రిబ్కా దగ్గర ఆగుతుంది. ఆ పిల్లని వదిలేసి మిగతా ముగ్గురి సంగతే అడిగితే పని ఇవాళే అయిపోతుంది, ఈ ఆలోచన కూడా వచ్చింది, వచ్చి రాత్రంతా పక్కన పడుకుంది. కాని అడిగింది జోజప్ప. మొదట అడిగింది ఆయన, ఆ పిల్ల కోసం ఊడ్చిన గదులవి. కాదంటే ఈ జూన్లో పత్తి విత్తనాలు పెట్టే కూలికి వెళ్తుంది, ఆ రెండు జడలూ ముడేసి తలగుడ్డ కట్టుకుని. వచ్చే ఏడాది తోటకి వెళ్తే కనిపిస్తుంది, నవ్వుతుంది కూడా, బాగున్నారామ్మా అంటుంది. ఆ నవ్వు ఇప్పుడే కళ్ళ ముందు కనిపించి ప్రమీలారాణి పక్కకి తిరిగి పడుకుంది.

"ఈ ఏడు నేను పెళ్ళి చేసుకోలేదు," అని సామ్రాజ్యం మొదలుపెట్టింది. ఏటా ఆవిడ హాజరు ఇలాగే మొదలవుతుంది. గుంటూరు కాలేజీలో చరిత్ర చెప్తుంది. ప్రిన్సిపాలు చేస్తామన్నారట, వద్దందట. ఎందుకే అని ముగ్గురూ ఒకేసారి లేచి కూర్చున్నంత పని చేశారు. ప్రిన్సిపాలుకి క్లాసుండదు, గది ఉంటుంది, ఆ గదిలోకి పిల్లలు తప్పు చేస్తేనే వస్తారు, నాకు తప్పు చేయని పిల్లలతో కూడా పనుంది, అంది. ఇంకా ఏం చేసిందయ్యా అంటే ఒక కుక్కని చేరదీసింది, అది రాత్రంతా మొరుగుతుంది, దొంగొస్తే మాత్రం తోక ఊపుతుంది. పన్నొకటి పీకించుకుంది. విద్యార్థినులతో హంపీ వెళ్ళి, తొమ్మిది మంది పిల్లల్ని ఎక్కించుకోకుండా బస్సు కదిలితే దాని ముందు నడిరోడ్డు మీద కూర్చుంది. ఇన్ని చెప్పింది, ఎక్కడా తడుముకోలేదు. చదువుకునే రోజుల్లోనూ అంతే, అర్ధరాత్రి లేపి ఏ రాజు ఎప్పుడు చచ్చాడని అడిగినా చెప్పి మళ్ళీ నిద్రపోయేది. ప్రమీలారాణికి ఒక్కసారి ఆవిడ మీద అసూయ కలిగింది, వెంటనే ఆ దొంగకి తోక ఊపే కుక్క గుర్తొచ్చి అసూయ పోయింది.

ఆపైన ముగ్గురి తలలూ ఇటు తిరిగాయి.

తను మిగిలింది. హాస్టలు పట్టీలోనూ తను చివరే. ఏం చెప్పాలి. పిల్లాడికి చొక్కాలు కుట్టింది, వాడివి. కూతురికి పురుడు పోసింది, అల్లుడు వచ్చి ఇరవై రోజులున్నాడు, వాళ్ళవి. పత్తి ధర పడిపోయిన నెలలో మిల్లు పనివాళ్ళందరికీ అన్నం పెట్టింది, అది ఆయనది. ఆవకాయ పెట్టింది, అది అత్తగారిది, ఉప్పు తను వేస్తే ఆవిడ ఊరుకోదు. ఇంటి నిండా తను చేసినవే, దేని మీదా తన పేరు లేదు. కిందటేడు ఏలూరులో ఏం తోచక, నేను బాగున్నాను, అంది. కార్డు ముక్క మీద రాసే మాట చెప్పకే, అని సామ్రాజ్యం కోప్పడింది. ఇవాళ కూడా బాగున్నాను అని తప్పించుకోవచ్చు. మేడమీద బస పెడదామనుకుంటున్నాను అనొచ్చు. అప్పుడు ముగ్గురూ కలిసి, అనుకుంటున్నది చెల్లదు, కూర్చో, అంటారు, తనూ నవ్వేస్తుంది, విసనకర్ర కూడా తీసుకుంటుంది, అత్తగారి చెవిలో పడ్డా అది వేళాకోళంలో కలిసిపోతుంది. ఎల్లుండి జోజప్ప తలగుడ్డ చేత్తో పట్టుకుని నిలబడతాడు. టిక్కు, టిక్కు, టిక్కు. గుండె అంతకన్నా వేగంగా కొట్టుకుంటోంది. ఆశ్చర్యం, భయంలాగా లేదు అది. వాల్తేరులో మొదటిసారి సామ్రాజ్యం, మహాలక్ష్మి చెయ్యి పట్టుకుని లాగితే అల కింద కాలు పెట్టినప్పుడు కూడా ఇలాగే కొట్టుకుంది. కాలు పెట్టాక ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు, ఇసక కిందినుంచి జారిపోతూ ఉంటుంది, నిలబడటమే చెయ్యాలి. ప్రమీలారాణి లేచి కూర్చుని జుట్టు ముడి వేసుకుంది.

"మేడమీద రెండు గదుల్లో పల్లెటూరి ఆడపిల్లలకి బస పెట్టాను," అంది. "కాలేజీ తెరవగానే నలుగురు వస్తున్నారు. ఇక్కడే ఉండి చదువుకుంటారు."

సరోజిని చేతిలో విసనకర్ర ఆగింది. సామ్రాజ్యం మాత్రం తరగతిలో పిల్లని నిలబెట్టి అడిగినట్టు, ఎవరెవరే ఆ నలుగురూ, అని అడిగింది. ప్రమీలారాణికి ఆ పేర్లలో ఏది ముందు చెప్పాలో ఒక క్షణం ఆలోచించే వ్యవధి దొరికింది. దాన్ని ఆమె వాడుకోలేదు. రిబ్కా, అంది ముందు. తరవాత మిగతా ముగ్గురి పేర్లూ చెప్పింది.

ముచ్చికలు తీసే చప్పుడు ఆగలేదు. ఆగితే బాగుండుననిపించింది. రెండు కాయలు, మూడు కాయలు చేటలో పడ్డాయి.

"ఏ రిబ్కా?" అంది హనుమాయమ్మ తల ఎత్తకుండా.

"మన తోట జోజప్ప కూతురత్తయ్యా."

ఇంకో కాయ పడింది. మిరప ఘాటుకి ఆవిడకి తుమ్మొచ్చింది, చెంగు అడ్డం పెట్టుకుని తుమ్మింది, ఇంకోసారి వస్తుందేమోనని కాసేపు ఆగింది. నలుగురు ఆడవాళ్ళూ ఆ రెండో తుమ్ము కోసం ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. అది రాలేదు.

"కందిపప్పు మూటలు చూసే అనుకున్నాను, ఏదో ఉందని," అంది ఆవిడ. "మెట్లు బయటినుంచే గదా మేడకి. ఎవరు ఎక్కారో ఎవరు దిగారో మనకేం పట్టింది."

ప్రమీలారాణికి ఒక్కసారి ఒళ్ళంతా తేలికయింది, ఆ తేలికలోనే ఆ మాట ఎక్కడ ఆగిందో కూడా తెలిసిపోయింది. మెట్ల దగ్గర ఆగింది. ఆవిడ ఇచ్చేది అంతే, తన ఇంటి గోడ బయట నుంచి ఇచ్చింది, అదీ తక్కువేం కాదు. తీసుకుని ఊరుకోవచ్చు. జోజప్ప చేతులెత్తి దణ్ణం పెడతాడు. రిబ్కా పైనే ఉంటుంది, అన్నం పళ్ళెంలో పైకి వెళ్తుంది, రెండేళ్ళూ గడిచిపోతాయి. సామ్రాజ్యం తనకేసే చూస్తోంది. ఎవరూ ఏమీ అనరు ఇప్పుడు, ఇది తన హాజరు.

"మెట్లు బయటివే అత్తయ్యా," అంది. "అన్నం మాత్రం లోపలే. వంటింట్లో, నలుగురూ ఒక్క బంతినే కూర్చుంటారు."

ఈసారి చప్పుడు ఆగింది. హనుమాయమ్మ చేతిలో కాయ అలాగే ఉంది, ముచ్చిక సగం విరిగింది. ఆవిడ కోడలికేసి చూసింది, చాలాసేపు, కోపంగా కాదు, ప్రేమగానూ కాదు, కొత్తగా కొన్న గేదెని చూసినట్టు, ఇది కొమ్ములు విసురుతుందని బేరంలో ఎవరూ చెప్పలేదే అన్నట్టు. కాయ ముచ్చిక తెంపి చేటలో వేసింది. గోడ పట్టుకుని లేచి చెంగు దులుపుకుంది. ఎర్రటి గింజలు నేల మీద రాలాయి.

"వడ్డించేదెవరు?"

"నేనే వడ్డిస్తాను."

"నువ్వా. పదింటి దాకా రేడియో దగ్గర కూర్చుంటావు. చివరికి నా మెడకే చుట్టుకుంటుంది అది, నాకు తెలీదా." హనుమాయమ్మ వంగి చేట ఎత్తి నడుముకి ఆనించుకుంది. వంటింట్లోకి రెండడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అంది, "ముందో బంతి, తరవాతో బంతి అంటే నా మోకాళ్ళ వల్ల కాదు. కూర్చుంటే అందరూ ఒక్కసారే కూర్చోవాలి. పొద్దున్న ఎనిమిదికే. ఆ తరవాత వస్తే చద్దన్నమే. చెప్పు వాళ్ళకి."

మొన్న ఫాల్గుణంలో నెమలి అనే ఊరి తిరునాళ్ళలో స్వామి కల్యాణం అయ్యేదాకా, పక్కవాళ్ళు కూర్చోమ్మా అని బతిమాలినా కూర్చోకుండా నిలబడ్డ మోకాళ్ళవి. ఆ సంగతి ప్రమీలారాణికి తెలుసు, తనకి తెలుసని ఆవిడకీ తెలుసు.

"చెప్తానత్తయ్యా," అంది ప్రమీలారాణి. గొంతు తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది.